‘డాక్టర్‌కు చెబుతాను’ అనే ముందు

ప్రశ్న: జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చేసి ఏడేళ్లుగా పంజాగుట్ట వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. మా వారు అమెరికాలో ఉన్నారు. నా సర్టిఫికెట్లు చూసి అక్కడి ప్రాక్టికల్ నర్సు లైసెన్సు పరీక్షకు, అంటే ఎన్‌క్లెక్స్ పీఎన్‌కు అర్హత ఇచ్చారు. మూడు నెలలుగా చదువుతున్నాను. విడి ప్రశ్నలు బాగానే చేస్తున్నాను కానీ కేస్ స్టడీ వచ్చిందంటే సగం మార్కులు కూడా రావడం లేదు. అన్నిచోట్లా ‘క్లినికల్ జడ్జ్‌మెంట్ లోపం’ అనే వస్తోంది. ఏడేళ్లు వార్డులో ఉన్న నాకు జడ్జ్‌మెంటే లేదా? ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరమని మా ఆడపడుచు అంటోంది. పదో తరగతి వరకూ నాది తెలుగు మీడియం. చాలా టెన్షన్‌గా ఉంది. తప్పిన ప్రశ్నలు కొన్ని రాసి పంపుతున్నాను.
– ఒక సోదరి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, తప్పిన ప్రశ్నలు రాసి పంపి మంచి పని చేశారు. అవి లేకపోతే నేనూ అందరిలాగే ధైర్యం చెప్పి ఊరుకునేదాన్ని. మీరు పంపినవి పన్నెండు. అందులో ఎనిమిది చోట్ల మీరు పెట్టిన జవాబు ఒక్కటే: డాక్టర్‌కు తెలియజేయడం.

నాకు నవ్వొచ్చింది, మిమ్మల్ని చూసి కాదు. ముప్పై ఏళ్లు నేనూ కేస్ షీట్లలో అదే వాక్యం రాశాను. నైట్ డ్యూటీలో పేషెంటుకు ఆయాసం వస్తుంది. మీరు మంచం తల వైపు ఎత్తుతారు, రక్తంలో ఆక్సిజన్ శాతం, అదే సాచురేషన్ చూస్తారు, ఆక్సిజన్ సిద్ధం చేస్తారు, చేతికి పెట్టిన కాన్యులా సూది పనిచేస్తోందో లేదో చూస్తారు, డ్రిప్ ఎంత పోయిందో లెక్క వేస్తారు, ‘ఎక్కువ పోయిందేమో’ అని మనసులో అనుకుంటారు, అప్పుడు ఫోన్ చేస్తారు. షీటులో మాత్రం ‘డ్యూటీ డాక్టర్‌కు తెలియజేయడమైనది’ అని ఒక్క ముక్క. మధ్యలో జరిగిందంతా మాయం. రాయం, ఎవరికీ చెప్పం, ఎవరూ అడగరు. కొన్నేళ్లకు మనమే అదంతా ఆలోచన అనుకోవడం మానేస్తాం, ‘అలవాటు’ అంటాం.

ఈ పరీక్ష అడుగుతున్నది సరిగ్గా ఆ మాయమైన ముక్కనే. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ పద్ధతి మార్చారు కదా. ఇప్పుడు ఒక్కో కేస్ స్టడీలో ఒకే పేషెంటు మీద ఆరు ప్రశ్నలు వస్తాయి. ఆ ఆరూ వరసగా ఆరు మెట్లు: ఏం కనిపించింది, దాని అర్థం ఏమిటి, వాటిలో ముందు దేన్ని పట్టించుకోవాలి, ఏమేం చేయొచ్చు, ఇప్పుడు ఏం చేస్తావు, చేశాక ఫలితం వచ్చిందా. మీరు మొదటి మెట్టు మీద నుంచి అయిదో మెట్టు మీదకు దూకేస్తున్నారు. వార్డులో దూకినా చెల్లుతుంది, ఎందుకంటే మీ చేతులు మధ్య మెట్లు వాటంతటవే ఎక్కేస్తాయి. స్క్రీన్ ముందు చేతులకు పని లేదు.

ఒక కేసు చెబుతాను, పరీక్షలో వచ్చే తీరులోనే. డెబ్భై నాలుగేళ్ల పెద్దామె. షుగరు ఉంది. తుంటి ఆపరేషన్ అయి మూడో రోజు, యూరిన్ పోయే కేథటర్ ట్యూబు ఉంది. సాయంత్రం వరకూ మనవడి పెళ్లి కబుర్లు చెప్పిన మనిషి, రాత్రి పదింటికి ‘మా ఊరి బస్సు వచ్చిందా’ అని అడుగుతోంది, కాన్యులా లాగేస్తోంది. టెంపరేచర్ 38.4 సెల్సియస్. పల్స్ 112. శ్వాస నిమిషానికి 24. సాయంత్రం 130/78 ఉన్న బీపీ 98/56కి దిగింది. సాచురేషన్ 94. నాలుగు గంటల్లో యూరిన్ 60 మిల్లీలీటర్లు. షుగర్ 212. రాత్రి భోజనం సగమే తిన్నది. మోకాళ్ల నొప్పి ఉందంటుంది, అది పదేళ్ల నుంచీ ఉన్నదే.

కనిపించినవాటిలో పనికొచ్చే గుర్తులు ఏవి అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడ మీలాంటి అనుభవం ఉన్నవాళ్లు చేసే తప్పు అన్నీ టిక్కు పెట్టడం. మోకాళ్ల నొప్పి పాతది, తీసేయండి. షుగర్ 212 ఎక్కువే, కానీ ఈ రాత్రి ప్రాణం మీదకు తెచ్చేది అది కాదు. పైగా ఆ అంకె మనకు ఒక మేలు చేసింది: ఈ తికమక షుగర్ పడిపోవడం వల్ల కాదని తేల్చింది. మిగిలినవి చూడండి. మనిషి మారింది. బీపీ మారింది. యూరిన్ తగ్గింది. అరవై కిలోల మనిషికి గంటకు దాదాపు 30 మిల్లీలీటర్లయినా రావాలి, ఈమెకు 15 వస్తోంది. ‘ఎంత ఉంది’ అన్నదానికంటే ‘ఇంతకుముందు ఎంత ఉండేది’ అన్నదే ఎక్కువ చెబుతుంది. ఊపిరితిత్తుల జబ్బు పాతదైన సీఓపీడీ మనిషికి సాచురేషన్ 90 ఉంటే కంగారు పడం, అతనికి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటాం. నిన్నటి వరకూ 98 ఉన్న కుర్రాడికి ఇవాళ 90 ఉంటే పరుగెత్తుతాం. అంకె అదే.

తర్వాత ఆ ముక్కలను కలపాలి. కేథటర్, జ్వరం, గుండె వేగం, శ్వాస వేగం, దిగిన బీపీ, తగ్గిన యూరిన్, కొత్తగా వచ్చిన తికమక. ఇన్‌ఫెక్షన్ ముదిరి, శరీరం దానికి అదుపు తప్పి స్పందించే సెప్సిస్‌గా మారుతోందన్న అనుమానం ముందుకు రావాలి. పక్షవాతం కాదా? కావచ్చు, మాట తడబడుతోందా, ఒక వైపు బలం తగ్గిందా చూస్తాం. నొప్పి మందు మత్తా? అదైతే సాధారణంగా శ్వాస నెమ్మదిస్తుంది, ఈమెకు పెరిగింది. ఇలా ఒక్కోదాన్నీ పక్కన పెట్టడానికి మీ దగ్గర కారణం ఉండాలి. కారణం లేకుండా ఊహ సరిపోయినా అది లాటరీ టికెట్టే.

ఇక చేయాల్సినవి. పరీక్షలో ఇక్కడ ఒక గాలం వేస్తారు: పేషెంటు కదులుతోంది కాబట్టి నిద్రమందు అడగడం, లేదా చేతులు కట్టేయడం. మన వార్డుల్లో ఇది జరగదని నేను అనను. నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఒక పెద్దాయన రాత్రంతా మంచం మీద కొట్టుకుంటుంటే ‘నిద్ర పట్టడం లేదు పాపం’ అనుకున్నాను. తెల్లవారి షిఫ్టుకు వచ్చిన సీనియర్ సిస్టర్ దుప్పటి తీసి చూసింది. కేథటర్ ట్యూబు తొడ కింద మెలిపడి ఉంది, బ్యాగులో చుక్క లేదు, పొత్తికడుపు కుండలా ఉంది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ట్యూబు సరిచేసి, బ్యాగు నిండుతుంటే అక్కడే నిలబడి నన్నూ చూడమంది. కొత్తగా కంగారు పడుతున్న పేషెంటును చూస్తే ఈ రోజుకీ నా చేయి ముందు దుప్పటి మీదకే పోతుంది.

మళ్లీ మన పెద్దామె దగ్గరికి. అక్కడ ప్రాక్టికల్ నర్సుగా మీరు రిజిస్టర్డ్ నర్సుకో, డాక్టరుకో జవాబుదారీగా పనిచేస్తారు. కాబట్టి ఈ కేసులో వెంటనే పైవాళ్లకు చెప్పడం సరైన పనే! మీ ఎనిమిదిలో రెండు చోట్ల పైవాళ్లకు చెప్పడం వరకూ మీరు చేసింది సరే. తేడా ఎక్కడంటే, చేతిలో ఏముందో తెలిసి చెప్పాలి. ‘సిస్టర్, పేషెంటు బాలేదు’ అంటే అది కబురు మాత్రమే. ‘మూడో రోజు ఆపరేషన్ కేసు, కేథటర్ ఉంది, గంట నుంచి తికమక, బీపీ 130 నుంచి 98, నాలుగు గంటల్లో యూరిన్ 60, సెప్సిస్ అనుమానంగా ఉంది, ఇప్పుడే వచ్చి చూడండి’ అంటే రిపోర్టు. ఎస్‌బార్ అని పుస్తకంలో నాలుగు అక్షరాలు చదివి ఉంటారు, పరిస్థితి, నేపథ్యం, అంచనా, అడిగే పని అని వాటి అర్థం, ఇదే అది. ఆ ఫోన్ చేస్తూనే మంచం ఎత్తు తగ్గించి, రోగి పక్కనే ఒకరిని ఉంచి, బీపీ, పల్స్ లాంటి వైటల్స్ మళ్లీ తీసే ఏర్పాటు చేస్తారు. రక్తం కల్చర్‌కు తీశాకే, అంటే క్రిములు ఉన్నాయేమో చూసే పరీక్షకు తీశాకే, యాంటీబయాటిక్ మొదలు పెట్టాలని, అలాగని తీయడం కుదరలేదంటూ మందు ఆలస్యం చేయకూడదని గుర్తుంచుకోండి. ఆరో మెట్టులో గంట తర్వాత ఏం చూస్తారు? బీపీ పెరిగిందా, యూరిన్ గంటకు 30 దాటిందా, పెద్దామె మనవడి పేరు సరిగ్గా చెబుతోందా. జ్వరం తగ్గిందా అన్నది కూడా చూస్తాం కానీ, పారాసెటమాల్ వేసినా జ్వరం తగ్గుతుంది, దాన్ని చూసి మోసపోకండి.

మరి ముందు చేసి తర్వాత చెప్పాల్సినవి ఏవి? మీరు తప్పిన మిగతా ఆరూ ఇలాంటివే. రక్తం ఎక్కుతుండగా పేషెంటుకు చలి, నడుము నొప్పి, ఆయాసం వస్తే ముందు రక్తం ఆపాలి, కొత్త ట్యూబుతో సెలైన్ పెట్టి లైను నిలబెట్టాలి, ఆ తర్వాతే ఫోన్. షుగర్ 58 ఉండి, మెలకువగా ఉండి, మింగగలిగిన పేషెంటుకు ముందు 15 గ్రాముల చక్కెర లోపలికి పోవాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకూడదు. పొట్ట ఆపరేషన్ కుట్లు విడిపోయి పేగు బయటికి వస్తే సెలైన్‌లో తడిపిన స్టెరైల్ గాజ్ గుడ్డ కప్పాలి, లోపలికి నెట్టకూడదు. గుండె మందు డిగాక్సిన్ వేసే ముందు గుండె మీద స్టెతస్కోపు పెట్టి నిమిషం లెక్కపెట్టి, 60 కంటే తక్కువుంటే మందు ఆపాలి. ప్రశ్న చదివి మిమ్మల్ని మీరు ఇలా అడగండి: నేను ఫోన్ దగ్గరికి వెళ్లి వచ్చే రెండు నిమిషాల్లో ఈ మనిషికి ఏమవుతుంది? ఆ రెండు నిమిషాల్లో చెడిపోయేది ఉండి, దాన్ని ఆపే పని నా పరిధిలోనే ఉంటే చేయి ముందు, ఫోన్ తర్వాత.

ఆ పరిధి అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. మన దగ్గర అడ్మిషన్ నుంచి డిశ్చార్జ్ దాకా అన్నీ సిస్టరే చేస్తుంది. అక్కడ కొత్త పేషెంటును మొదటిసారి పూర్తిగా పరీక్షించడం, జబ్బు, మందుల గురించి పేషెంటుకు మొదటిసారి పాఠం చెప్పడం, కేర్ ప్లాన్ తయారు చేయడం రిజిస్టర్డ్ నర్సు పనులు. ప్రాక్టికల్ నర్సు సమాచారం సేకరిస్తుంది, చెప్పిన పాఠాన్ని మళ్లీ గుర్తుచేస్తుంది, నిలకడగా ఉన్న పేషెంట్లను చూసుకుంటుంది. ఇన్సులిన్ ఇప్పుడే మొదలైన మనిషికి మొదటి పాఠం మీరు చెప్పేస్తే జవాబు తప్పు. ఏడేళ్లుగా మీరు చెప్పిన పాఠమే అయినా సరే.

ఇంకొకటి, ఇది ఏ కోచింగ్‌లోనూ సరిగ్గా చెప్పరు. ఆ ప్రశ్నల్లో అటెండెంట్లు, అంటే పేషెంటు వెంట ఉండే ఇంటివాళ్లు, ఉండరు. మన వార్డులో సగం నర్సింగ్ అటెండెంటే చేస్తాడు: తినిపించడం, పక్కకు తిప్పడం, శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్లడం, ఆఖరికి డ్రిప్ అయిపోతోందని కేకేయడం కూడా. పరీక్షలో అవన్నీ ఎవరికి అప్పగించాలో మీరు తేల్చాలి. నిలకడగా ఉన్న మనిషికి స్నానం చేయించడం, బరువు తూయడం నర్సింగ్ సహాయకులకు ఇవ్వొచ్చు. చూసి అర్థం చెప్పాల్సిన పని ఇవ్వకూడదు. అలాగే ‘క్యాన్సరని అమ్మకు చెప్పకండి సిస్టర్’ అని కొడుకు బతిమాలడం మనకు రోజూ ఉండేదే, మనం తలూపడమూ రోజూ ఉండేదే. అక్కడ జబ్బు సంగతి అమ్మ సొంతం. ఆమె ఒప్పుకుంటేనే కొడుక్కి. పేషెంటు భాష రాకపోతే కూతురితో తర్జుమా చేయించడం కూడా తప్పు జవాబే, ఆసుపత్రి దుబాసీని పిలవాలి. ఏది మంచి పద్ధతి అని నాతో వాదానికి దిగకండి. కొన్ని సంగతుల్లో నాకూ మన పద్ధతే నచ్చుతుంది. పరీక్ష వాళ్లది.

ఒకే గుర్తును పట్టుకుని వేలాడటం గురించి మన ఊళ్లోనే ఒక పాత కథ ఉంది. 1888లో ఒకసారి, 1889లో మరోసారి నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో క్లోరోఫాం అనే మత్తుమందు మీద కమిషన్లు కూర్చున్నాయి. ఇక్కడి సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదన ఏమిటంటే, క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి చూడక్కర్లేదు. జంతువుల మీద ప్రయోగాలు చేసి కమిషన్ కూడా గుండె కంటే ముందు శ్వాసే ఆగుతుందని తేల్చింది. 1911లో లెవీ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగాల్లో క్లోరోఫాం వల్ల గుండె లయ తప్పి నేరుగా ఆగిపోగలదని బయటపడింది. ఊపిరి చూడమన్నది మంచి మాటే, నాడి వదిలేయమన్నదే కొంప ముంచింది. కేస్ స్టడీలో మీకు బాగా తెలిసిన ఒక్క అంకె కనబడగానే మిగతావి చదవడం ఆపేస్తున్నారు, మీ నాలుగో ప్రశ్నలో అదే జరిగింది. పొటాషియం ఎక్కువై 6.1 ఉందని చూశారు, పక్క పేజీలో ఈసీజీ మారిన సంగతి చూడలేదు.

ఇక సాధన. ఉద్యోగం మానకండి. మీ ఆడపడుచు మంచికే చెప్పి ఉంటుంది కానీ, మీకు కావలసిన కేస్ స్టడీలు ఇరవై మంచాల మీద రోజూ పడుకుని ఉన్నాయి. నైట్‌లు కొన్ని తగ్గించమని ఇన్‌చార్జ్ సిస్టర్‌ను అడగండి, అంతే. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో పేషెంటు గురించి పూర్తిగా వినేముందు వైటల్స్ చార్టు మాత్రం చూసి, ‘ఈయనకు ఏమై ఉంటుంది, రౌండ్స్‌లో డాక్టర్ ఏం రాస్తారు’ అని మనసులో పందెం వేసుకోండి. తర్వాత వినండి. మొదటి వారం సగం ఓడిపోతారు. ఓడిపోయిన చోట ఏ గుర్తు వదిలేశారో చూడండి. మందు వేసేటప్పుడు, ఇది పనిచేస్తే గంటలో ఏం మారాలి అని అనుకుని గంట తర్వాత నిజంగా వెళ్లి చూడండి. ఆరో మెట్టుకు ఇంతకంటే మంచి ట్యూషన్ లేదు.

డ్యూటీ దిగాక పంజాగుట్టలో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు ఒక్క పేషెంటు గురించి మూడు వాక్యాలు రాయండి: ఏం చూశాను, ఏమనుకున్నాను, నేననుకున్నది తప్పయితే ఏం కనిపించి ఉండేది. పేరు, మంచం నంబరు రాయొద్దు. తెలుగులోనే రాయండి. మీరు భయపడుతున్న ఇంగ్లిష్ ఇక్కడ పెద్ద అడ్డంకి కాదు. బీపీ దిగడం ఏ మీడియంలోనైనా దిగడమే. అయితే ప్రశ్న అడిగే తీరు కొన్నింటిని బాగా పట్టుకోవాలి. ‘ఫర్దర్ టీచింగ్’ అవసరమని ఏ మాట వల్ల తెలుస్తుంది అంటే పేషెంటు అన్న తప్పు మాటను వెతకమని. మీరు ఒప్పు మాట పెట్టి వచ్చారు, రెండు చోట్ల.

మార్కుల లెక్క కూడా తెలుసుకోండి, దాన్ని బట్టి చేయి అదుపులో ఉంటుంది. వర్తించేవన్నీ గుర్తించమన్న ప్రశ్నలో ఒప్పుకు ఒక మార్కు కలుస్తుంది, తప్పుకు ఒకటి పోతుంది, సున్నా కిందికి మాత్రం వెళ్లదు. కాబట్టి అనుమానంగా ఉన్నవాటిని ఊరికే టిక్కు పెట్టకండి. ‘ఇన్ని ఎంచుకోండి’ అని సంఖ్య చెప్పినచోట మార్కులు పోవు, అన్నీ నింపేయండి. మొత్తం ప్రశ్నలు తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150, సమయం 5 గంటలు. వెనక్కి వెళ్లడం కుదరదు. 85 దగ్గర స్క్రీన్ ఆగిపోయిందని ఏడవనూ వద్దు, సంబరపడనూ వద్దు, దాన్ని బట్టి ఏమీ తెలియదు. కేస్ స్టడీలు మూడు, ఆరేసి ప్రశ్నలు, అంటే పద్దెనిమిది. ఒక ప్రశ్న తప్పినంత మాత్రాన తర్వాతిది చేజారదు, దేని మార్కు దానిదే. కాబట్టి రెండో మెట్టు దగ్గర తడబడినా మూడోదాన్ని కొత్తగా చదవండి.

ఎవరైనా పరీక్ష రాసి వచ్చి ‘రీకాల్స్’, అంటే గుర్తుపెట్టుకొచ్చిన ప్రశ్నలు, అమ్ముతామంటే తీసుకోకండి. ప్రశ్నలు బయటపెట్టబోమని అందరూ సంతకం లాంటి ఒప్పుకోలు ఇచ్చే పరీక్ష అది. దొరికితే ఫలితమే రద్దు కావచ్చు.

చివరగా చిన్న పని. అల్మారా తలుపు మీద ఒక కాగితం అతికించండి. పారాసెటమాల్ పక్కన ఎసిటమినోఫెన్, అడ్రినలిన్ పక్కన ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ పక్కన అల్బ్యుటెరాల్, పెథిడిన్ పక్కన మెపెరిడిన్, లిగ్నోకెయిన్ పక్కన లిడోకెయిన్. పరీక్షలో సాధారణంగా కంపెనీ పేర్లు ఉండవు, ఇవే ఉంటాయి. నెల రోజులు పోయాక మళ్లీ మాక్ టెస్ట్ రాసి, తప్పినవి ఇలాగే రాసి పంపండి. ఈసారి పక్కన మీరెందుకు ఆ జవాబు పెట్టారో కూడా ఒక్క ముక్క రాయండి.